గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు క్యాబినెట్ మూత తీయండి

ఈ నెల మా కంప్యూటర్ సందేహాల శీర్షికకు గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఆటల కోసం గ్రాఫిక్స్ కార్డు మార్చడం గురించే ఉన్నాయి. దాదాపు అందరూ ఏ కార్డు కొనాలని అడిగారు. కాని ఆ ప్రశ్నకు జవాబు చాలామటుకు వారి ఇంట్లో ఉన్న పెట్టెలోనే, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మీద అంటించిన పట్టికలోనూ మదర్‌బోర్డు స్లాటులోనూ బల్ల మీది మానిటర్‌లోనూ ఉంది. అందువల్ల కార్డు పేరు చెప్పే ముందు ఆ సంగతులు ఎత్తక తప్పలేదు. ఉత్తరాలను కుదించి, పేర్లు లేకుండా ప్రచురిస్తున్నాం.

ప్రశ్న: నేను భీమవరంలో ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాను. నా కంప్యూటర్‌లో ఇంటెల్ కోర్ ఐ5-10400 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, పాత జీటీ 710 కార్డు ఉన్నాయి. మానిటర్ 1080పి, 75 హెర్ట్జ్. ఎస్‌ఎంపీఎస్ క్యాబినెట్‌తో పాటు వచ్చిందే. దాని మీద 450 వాట్లు అని ఉంది. రూ. 30,000 వరకు పెట్టగలను. స్నేహితులు ఆర్‌టీఎక్స్ 4060 తీసుకోమంటున్నారు, దుకాణం ఆయన 3060 చాలంటున్నారు. వచ్చే ఏడాది మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టు కూడా ఉంది. ఎవరి మాట వినమంటారు?

జవాబు: కార్డుల సంగతి కాసేపు పక్కన పెట్టి, కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, క్యాబినెట్ పక్క మూత విప్పి ఎస్‌ఎంపీఎస్ మీది పట్టికను చదవండి. 450 వాట్లు అన్న పెద్ద అంకె అన్ని వోల్టేజీలనూ కలిపి వేసిన మొత్తం. కొన్ని చౌక రకాలలో అది మొత్తం కూడా కాదు, అలంకారం. గ్రాఫిక్స్ కార్డూ ప్రాసెసరూ ప్రధానంగా వాడుకునేది 12 వోల్టుల సరఫరాను. ఆ వరుసలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి 12తో హెచ్చవేస్తే మీకు నిజంగా దక్కేది ఎంతో తెలుస్తుంది. ఉదాహరణకు అక్కడ 16 ఆంపియర్లు అని ఉంటే, పైన ఏ అంకె వేసినా, చేతికి వచ్చేది 192 వాట్లే. ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు తీసుకుంటుంది. 4060 అయితే 115 వాట్లు. మీ ప్రాసెసర్ పేరుకు 65 వాట్లదే అయినా పూర్తి వేగం అందుకున్న కొద్దిసేపు దాదాపు రెట్టింపు లాగుతుంది. ఈ రెండు కార్డులకూ ఎన్‌విడియా సూచించిన ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లది.

క్యాబినెట్‌తో వచ్చే ఎస్‌ఎంపీఎస్‌లలో చాలావాటికి కార్డుకు తగిలించే 6+2 పిన్నుల కేబులే ఉండదు. అప్పుడు హార్డ్ డిస్కుకు వెళ్లే ప్లగ్గుల నుంచి కరెంటు మళ్లించే అడాప్టర్ తీగ ఒకటి చేతిలో పెడతారు. దాన్ని తీసుకోవద్దు. ఎస్‌ఎంపీఎస్ తయారు చేసినవాడు ఆ కేబులు ఇవ్వలేదంటే, అంత బరువు మోయలేనని అతడే ఒప్పుకున్నట్టు. కాబట్టి మీ 30,000లో మొదటి వాటా పేరున్న కంపెనీ 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కు వెళ్లాలి. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది చూడండి. ఆ ముద్ర చెప్పేది కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందనే గాని నాణ్యత గురించి కాదు కనుక, దానితో పాటు వారంటీ అయిదేళ్లు ఉందా అన్నది కూడా అడగండి.

ఇక కార్డులు. 1080పి ఆటలలో 4060 కార్డు 3060 కన్నా వేగమైనదే, వేడి తక్కువ, కరెంటు తక్కువ, మధ్యలో అదనపు ఫ్రేములను తానే పుట్టించే ఫ్రేమ్ జనరేషన్ సదుపాయం అదనం. మీ స్నేహితులు చెప్పిందాంట్లో తప్పు లేదు. అయితే అది 8 జీబీ కార్డు. పైగా మదర్‌బోర్డుతో మాట్లాడేందుకు 8 లేన్లే, అంటే 8 డేటా దారులే, వాడుకుంటుంది. మీ పదో తరం ప్రాసెసర్ ఇచ్చేది పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరం స్లాటు. అందులో 16 లేన్లకు సెకనుకు సుమారు 16 జీబీ, 8 లేన్లకు అందులో సగం మాత్రమే ప్రవహిస్తుంది. ఆట బొమ్మలన్నీ కార్డు మెమరీలో పట్టినంతసేపు ఈ తేడా పెద్దగా తెలియదు. మెమరీ నిండిపోయి ర్యామ్ నుంచి తెచ్చుకోవలసి వచ్చినప్పుడు మాత్రం, కాలువ నిండుగా పారుతున్నా తూము ఇరుకైతే చేను ఎండినట్టు, ఆట ఉండి ఉండి ఆగుతుంది. కొత్త ఆటలలో టెక్స్చర్లను అత్యధిక స్థాయిలో పెడితే 8 జీబీ దాటడం ఇప్పుడు అరుదు కాదు. 3060కు 12 జీబీ మెమరీ, 16 లేన్లు ఉన్నాయి.

మీ ఉత్తరంలో నాకు ముఖ్యంగా తోచింది మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టు. ఆ పనిలో మోడల్ కార్డు మెమరీలో పట్టిందా లేదా అన్నదే మొదటి ప్రశ్న, వేగం రెండోది. పట్టకపోతే 4060 ఎంత వేగమైనదైనా ఉపయోగం లేదు. పాఠాలలోనూ ల్యాబులలోనూ ఎక్కువగా వాడే సాధనాలు ఎన్‌విడియా వారి క్యూడా (CUDA) అనే సాఫ్ట్‌వేరు మీద నడుస్తాయి కాబట్టి, ఆటలకు చక్కగా పనికివచ్చే ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 6600, 7600 కార్డులను మీకు సిఫారసు చేయలేను. ఇంటెల్ ఆర్క్ బీ580కి కూడా 12 జీబీ ఉంది గాని, పాత ప్రాసెసర్లతో దాని వేగం బాగా పడిపోతుంది.

అందుచేత నా ఓటు ఈసారి దుకాణం ఆయనకే: ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీ. మీది 75 హెర్ట్జ్, అంటే సెకనుకు 75 ఫ్రేములే చూపే మానిటర్. 4060 అదనంగా ఇచ్చే ఫ్రేములలో చాలాభాగం ఆ తెర చూపించనే చూపించదు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఇదే పేరుతో 8 జీబీ రకం కూడా అమ్ముతున్నారు. దానికి మెమరీ తగ్గడమే కాక మెమరీకి డేటా నడిచే దారి (మెమరీ బస్సు) 192 బిట్ల నుంచి 128 బిట్లకు పడిపోయింది, వేగమూ తగ్గింది. బిల్లు మీద 12 జీబీ అని రాయించుకోండి. ఒకవేళ 12 జీబీది దొరక్కపోయినా, 4060 కన్నా ఎక్కువ ధర చెప్పినా, ప్రాజెక్టుకు కాలేజీ ల్యాబు మీద ఆధారపడి 4060 కొనుక్కోవడమే మేలు. ర్యామ్ 16 జీబీ ఒకే కర్రగా ఉందా, రెండు 8 జీబీలుగా ఉందా అన్నది కూడా మూత తీసినప్పుడే చూడండి. ఒకటే ఉంటే అలాంటిదే ఇంకొకటి తర్వాతైనా వేసుకోవచ్చు.

ప్రశ్న: అమలాపురం నుంచి రాస్తున్నాను. ఇంటర్ చదివే మా అబ్బాయి కోసం ఆఫీసులలో వాడి తీసేసిన సన్నటి డెస్క్‌టాప్ ఒకటి హైదరాబాదు నుంచి తెప్పించాను. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్. వాడికి జీటీఏ 5 ఆడాలని ఉంది. ఇక్కడి దుకాణంలో అడిగితే ఈ పెట్టెలో ఏ కార్డూ పట్టదన్నారు. నిజమేనా?

జవాబు: ఏ కార్డూ పట్టదనడం పూర్తిగా నిజం కాదు, దుకాణాల అరలలో ఉండే కార్డులు మాత్రం పట్టవు. ఇటువంటి సన్న పెట్టెలకు లో ప్రొఫైల్ కార్డులని వేరే రకం ఉంటాయి. వాటి ఎత్తు సుమారు ఏడు సెంటీమీటర్లు, వెనుక బిగించే రేకు కూడా పొట్టిది. ఆ పొట్టి రేకును కార్డుతో పాటు పెట్టెలో విడిగా పెట్టి ఇస్తారు. కొనేటప్పుడు అది ఉందో లేదో చూసుకోకపోతే తర్వాత దొరకడం కష్టం.

రెండో అడ్డంకి కరెంటు. మీ పెట్టెలోని ఎస్‌ఎంపీఎస్ ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటుంది, సామర్థ్యం 250 వాట్ల చుట్టుపక్కలే ఉంటుంది, బజారులో దొరికే మామూలు ఎస్‌ఎంపీఎస్ దాని స్థానంలో కూర్చోదు. కాబట్టి విడి కేబులు అడగకుండా, స్లాటు ఇచ్చే 75 వాట్లతోనే నడిచే కార్డు కావాలి. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650లోనూ, 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీలోనూ అటువంటి లో ప్రొఫైల్ రకాలు ఉన్నాయి. రెండోది 70 వాట్ల కార్డు, మెమరీ ఎక్కువ, కొత్తది కనుక దాన్ని నడిపించే సాఫ్ట్‌వేరు, అంటే డ్రైవర్లు, ఇంకా చాలాకాలం వస్తాయి. ధర భరించగలిగితే అదే తీసుకోండి. ఆర్‌ఎక్స్ 6400 కూడా పొట్టిదే గాని అది వాడుకునేది నాలుగు లేన్లే. మీ పాత స్లాటులో దాని వేగం మరింత తగ్గుతుంది.

కొనే ముందు పెట్టె తెరిచి, పొడవాటి స్లాటు పక్కన ఎంత ఖాళీ ఉందో కొలవండి. ఈ కార్డులలో ఎక్కువభాగం రెండు స్లాట్ల మందం ఉంటాయి. కొన్ని సన్న పెట్టెలలో ఆ స్లాటు ఎస్‌ఎంపీఎస్‌కు ఆనుకొనే ఉండడంతో రెండో స్లాటు చోటే మిగలదు. అప్పుడు ఒక స్లాటు మందం ఉన్న రకమే వెతకాలి.

జీటీఏ 5 పీసీకి 2015లో వచ్చిన ఆట. 2025లో దానికి కొత్త హంగులతో ఎన్‌హాన్స్‌డ్ రూపం వచ్చింది, అది బరువైనది. పాత రూపాన్ని లెగసీ పేరుతో ఇప్పటికీ విడిగా దించుకోవచ్చు, మీ అబ్బాయికి అది చాలు. ర్యామ్‌ను మాత్రం 16 జీబీ చేయండి; పాత డీడీఆర్3 రకం కనుక వాడినది తీసుకున్నా నష్టం లేదు.

ప్రశ్న: తణుకులో ఉంటూ ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. ఆర్‌టీఎక్స్ 4060 తెప్పించుకున్నాను. బిగించడానికి ఎవరినైనా పిలుద్దామని మావారు అంటున్నారు. నాకేమో స్వయంగా బిగించుకోవాలని ఉంది. ఎక్కడెక్కడ పొరపాటు జరగవచ్చు?

జవాబు: మీరే బిగించుకోండి. కావలసింది ఒక స్టార్ స్క్రూడ్రైవర్, మంచి వెలుతురు, తొందర లేని ఒక గంట. పొరపాట్లు జరిగే చోట్లు మాత్రం ముందే తెలిసి ఉండాలి.

పాత కార్డు ఇంకా లోపల ఉండగానే కొత్త డ్రైవర్‌ను ఎన్‌విడియా సైటు నుంచి దించి పెట్టుకోండి. పాతది ఏఎమ్‌డీ కార్డయితే దాని డ్రైవర్‌ను తీసేయండి. డీడీయూ అనే ఉచిత సాధనాన్ని సేఫ్ మోడ్‌లో నడిపితే అవశేషాలు కూడా పోతాయి. తర్వాత షట్‌డౌన్ చేసి, వెనుక ఎస్‌ఎంపీఎస్ స్విచ్చి ఆపి, గోడ ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోండి; కెపాసిటర్లలో మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్‌ను బల్ల మీద పక్కకు పడుకోబెట్టి, కార్డును ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకండి. మన తేమ గాలిలో స్థిర విద్యుత్తు భయం తక్కువే. ఏసీ గదిలో, నైలాను బట్టలతో ఉన్నప్పుడు మాత్రం అది నిర్లక్ష్యం చేయదగింది కాదు.

పాత కార్డు తీసేటప్పుడు స్క్రూలు విప్పగానే పైకి లాగకండి. స్లాటు చివర చిన్న ప్లాస్టిక్ గొళ్లెం ఉంటుంది. దాన్ని వేలితో నొక్కి ఉంచి కార్డును నిలువుగా పైకి తీయాలి. ఆ గొళ్లెం సంగతి తెలియక లాగి స్లాటునే విరిచేసుకున్న సందర్భాలు ఉన్నాయి. కొత్త కార్డును ప్రాసెసర్‌కు దగ్గరగా ఉన్న పొడవాటి స్లాటులోనే పెట్టండి. కింది స్లాటు పొడవు అంతే కనిపించినా లోపల లేన్లు తక్కువ ఉండవచ్చు. రెండు కొసల మీద సమానంగా నొక్కితే గొళ్లెం టక్కుమని పడుతుంది. పడకుంటే వెనుక రేకు క్యాబినెట్ అంచుకు అడ్డుపడుతోందేమో చూడండి. బలం పెంచడం ఆ తర్వాతి మాట. కార్డు పొడవు క్యాబినెట్‌లో పడుతుందో లేదో కూడా పెట్టె సీలు తీయకముందే కొలుచుకోవాలి. తెరిచిన పెట్టెను దుకాణాలు సులభంగా వెనక్కి తీసుకోవు.

అసలు ప్రమాదం పవర్ కేబులు దగ్గర ఉంది. కార్డుకు వెళ్లే ఎనిమిది పిన్నుల ప్లగ్గు 6+2గా, ప్రాసెసర్‌కు వెళ్లేది 4+4గా విడిపోతుంది. రెండింటిలో వోల్టులు, ఎర్తు ఉండే స్థానాలు తారుమారుగా ఉంటాయి. తయారీదారులు ఒకదానిలో ఒకటి దూరకుండా అచ్చులు వేరుగా పోశారు. బలవంతాన దూర్చితే ఆ రక్షణ పోతుంది. ఇంకొక మాట కూడా చెప్పాలి. మీ ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు విడదీసే రకమైతే, దానితో వచ్చిన కేబుళ్లు తప్ప వేరే ఎస్‌ఎంపీఎస్‌వి వాడవద్దు. ప్లగ్గు అచ్చంగా ఒకేలా ఉన్నా ఎస్‌ఎంపీఎస్ వైపు తీగల క్రమం కంపెనీకొక విధంగా ఉంటుంది, ఒక్కసారి స్విచ్చి వేస్తే కార్డు మిగలదు. మీ 4060లో కొన్ని రకాలకు 16 పిన్నుల చిన్న ప్లగ్గు ఉంటుంది. 2022లో 4090 కార్డులలో కరిగిపోయి వార్తలకెక్కిన ప్లగ్గు ఈ జాతిదే. 115 వాట్లకు ఆ భయం లేదు గాని, చివరిదాకా పూర్తిగా దిగిందో లేదో కళ్లతో చూడండి.

అంతా బిగించాక తెర నల్లగా ఉందని ఫోను చేసేవారిలో ఎక్కువమంది మానిటర్ కేబులును పాత అలవాటు ప్రకారం మదర్‌బోర్డుకే తగిలించి ఉంటారు. దాన్ని కార్డుకు మార్చండి. బొమ్మ వచ్చాక డ్రైవర్ వేసి, విండోస్ డిస్‌ప్లే సెట్టింగులలో రిఫ్రెష్ రేటు చూడండి. 144 హెర్ట్జ్ మానిటర్‌ను కొని ఏళ్ల తరబడి 60లో వాడుతున్న ఇళ్లు ఉన్నాయి. మదర్‌బోర్డు బయోస్‌లో రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి అందుకునే వీలు) ఉంటే ఆన్ చేయండి. విండోస్‌ను పాత లెగసీ పద్ధతిలో వేసి ఉంటే మాత్రం దాని జోలికి వెళ్లకండి. ముందు డిస్కును కొత్త జీపీటీ పద్ధతిలోకి మార్చకుండా ఆ మీట వేస్తే విండోస్ తెరుచుకోదు.

ప్రశ్న: నేను రావులపాలెంలో విశ్రాంత ఉపాధ్యాయుణ్ణి. మా మనవడు వాలరాంట్ అనే ఆట ఆడతాడు. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి, విడిగా కార్డు లేదు. ఆట తడబడుతోందనీ, కార్డు కొనమనీ వాడి పోరు. కొనాలా?

జవాబు: వద్దు, మాస్టారూ. ఆ ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ భాగం ఉంది; అది సొంత మెమరీ లేక ర్యామ్‌నే వాడుకుంటుంది. 8 జీబీ ఒకే కర్రగా ఉందంటే ర్యామ్ నుంచి దానికి డేటా అందే వేగం సగానికి సగం కట్టిపడేసినట్టే. అదే రకం 8 జీబీ ఇంకొకటి కొని, మదర్‌బోర్డు పుస్తకంలో చూపిన జత స్లాట్లలో వేయించండి. వాలరాంట్ తేలికైన ఆట, అది గ్రాఫిక్స్ కన్నా ప్రాసెసర్ మీద ఎక్కువగా ఆధారపడుతుంది. మనవడికి ఆ తర్వాత కూడా తృప్తి లేకపోతే అప్పుడు మళ్లీ రాయండి.

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర సముద్రం వైపు ఊరు, రొయ్యల చెరువులున్నాయి. రాత్రిపూట ఏరియేటర్లు వేసినప్పుడు ఇంట్లో లైట్లు మందగిస్తాయి. కొత్త కార్డు వేసినప్పటి నుంచి ఆట మధ్యలో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోంది. 600 వీఏ యూపీఎస్ ఉంది. కార్డు లోపమా, కరెంటు లోపమా? ఉప్పుగాలికి కార్డు పాడవుతుందని కూడా అంటున్నారు.

జవాబు: మొదట ఒక పని చేయండి. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ ఆ క్షణంలో లైట్లు మందగించాయా లేదా అన్నది రాసి పెట్టుకోండి. మోటార్లు బయలుదేరే క్షణంలో మామూలుకు ఎన్నో రెట్ల కరెంటు లాగుతాయి, అందువల్ల లైను చివరి ఇళ్లలో వోల్టేజీ ఒక్కసారిగా కుంగుతుంది. రీస్టార్ట్‌లు దానితో కలిసి వస్తే లోపం లైనుది. లైట్లు నిలకడగా ఉండి, ఆటలో పెద్ద పేలుళ్లో, కిక్కిరిసిన దృశ్యాలో వచ్చినప్పుడే రీస్టార్ట్ అవుతుంటే లోపం ఎస్‌ఎంపీఎస్‌ది. గ్రాఫిక్స్ కార్డు సెకనులో వెయ్యో వంతుసేపు తన సగటు కన్నా చాలా ఎక్కువ లాగుతుంది, బలహీనమైన ఎస్‌ఎంపీఎస్ దాన్ని షార్ట్ సర్క్యూట్‌గా భావించి ఆగిపోతుంది.

మీ విషయంలో మూడో అనుమానితుడు కూడా ఉన్నాడు, అది ఆ యూపీఎస్. 600 వీఏ అన్నది సాధారణంగా 360 వాట్లకు మించదు. కార్డు లేనప్పుడు అది సరిపోయింది. ఇప్పుడు కంప్యూటర్, మానిటర్ కలిపి ఆ హద్దును తాకుతుంటే, వోల్టేజీ కుంగి బ్యాటరీకి మారే క్షణంలోనే అది చేతులెత్తేస్తుంది. కనీసం 1000 వీఏది, వీలైతే ప్యూర్ సైన్ వేవ్ రకం తీసుకోండి. మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో ఉండే యాక్టివ్ పీఎఫ్‌సీ అనే భాగం, చౌక యూపీఎస్‌లు బ్యాటరీ మీద ఇచ్చే మెట్లు మెట్ల తరంగంతో కొన్నిసార్లు పొసగదు. అదే భాగం వల్ల ఒక లాభమూ ఉంది. అటువంటి ఎస్‌ఎంపీఎస్‌లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి, కనుక మామూలు కుంగుబాటుకు విడిగా స్టెబిలైజర్ అక్కరలేదు. పట్టికలో ఆ అంకెలు చూడండి. 200 నుంచి 240 అని మాత్రమే ఉంటే అది మీ ఊరికి పనికిరాదు. ఇంటి ఇన్వర్టర్ మీదనే కంప్యూటర్ నడుపుతుంటే, దాని వెనుక యూపీఎస్ మోడ్ మీట ఉందేమో చూసి అటు మార్చండి. మారే సమయం తగ్గుతుంది.

చెరువు మోటార్ల లైను, ఇంటి లైను ఒకే మీటరు నుంచి వెళ్తుంటే విడదీయించడం గురించి ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడండి. ఎర్తింగు కూడా చూపించండి. క్యాబినెట్ తాకితే వేళ్లకు జివ్వుమంటే ఎర్తు లేనట్టే. అటువంటి చోట ఏ కార్డూ క్షేమంగా ఉండదు. పిడుగుల రోజున స్విచ్చి ఆపడం చాలదు, గోడ ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ కేబులు కూడా తీసేయండి.

ఉప్పుగాలి మాట నిజమే, కాని భయపడేంత కాదు. తేమ, ఉప్పు కలిసి మొదట పట్టేది స్క్రూలను, వెనుక రేకును, పోర్టుల అంచులను. కార్డు అడుగున బంగారు పూత ఉన్న కాళ్లు అంత తొందరగా పాడవవు. నడుస్తున్న కంప్యూటర్ తన వేడితోనే లోపల పొడిగా ఉంటుంది; నెలల తరబడి మూలన పడి ఉన్నదానికే తుప్పు. అందువల్ల ఊళ్లో లేనప్పుడు తప్ప రెండు మూడు రోజులకొకసారైనా కాసేపు నడపండి. కిటికీ కింద, నేల మీద పెట్టకండి. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, తర్వాతొకసారి, కార్డు తీసి ఫ్యాన్ల దుమ్మును మెత్తని బ్రష్షుతో దులపండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. కాళ్లు మసకబారితే ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన నూలుగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి పెట్టండి. గరుకు కాగితంతో రుద్దే అలవాటు కొందరికి ఉంది. దానితో పూత లేచిపోయి, ఉప్పుగాలికి దారి తెరిచినట్టవుతుంది. బల్లులు దూరకుండా వెనుక ఖాళీ స్లాట్లకు రేకులు మూసి ఉంచడం మరచిపోకండి. మన ప్రాంతంలో ఎస్‌ఎంపీఎస్‌లు పేలడానికి అవి కూడా ఒక కారణం.

ప్రశ్న: పాలకొల్లులో ఒకరు వాడిన ఆర్‌ఎక్స్ 580, 8 జీబీ కార్డును చాలా తక్కువకు ఇస్తామంటున్నారు. మైనింగుకు వాడిన కార్డని అనుమానం. తీసుకోవచ్చా?

జవాబు: 2022 సెప్టెంబరు 15న ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ పద్ధతి మారి కార్డులతో మైనింగు, అంటే లెక్కలు చేయించి ఆ నాణేలు సంపాదించడం, లాభసాటి కాకుండా పోయాక, ఇటువంటివి దేశమంతా చౌకగా బజారుకు వచ్చాయి. మైనింగు చేసినందువల్లే కార్డు చెడిపోయిందని అనుకోనక్కరలేదు. ఎక్కువగా అరిగేవి ఫ్యాన్లు, ఎండిపోయేవి మెమరీ మీది ప్యాడ్లు. నాకు అభ్యంతరం వేరే ఉంది. అది 2017 నాటి కార్డు, 185 వాట్లు లాగుతుంది, కొత్త ఆటల కోసం ఏఎమ్‌డీ దానికి డ్రైవర్లను ఇదివరకటిలా సవరించడం లేదు. పైగా ఇదే పేరుతో 2048ఎస్‌పీ అన్న బలహీనమైన రకం కూడా చలామణిలో ఉంది.

అయినా మనసు లాగుతుంటే, అమ్మేవారి ఇంట్లోనే, మూత తీసి ఉన్న కంప్యూటర్‌లో, అరగంటపాటు ఏదైనా బరువైన ఆట నడిపించి చూడండి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాధనాన్ని పెన్‌డ్రైవ్‌లో తీసుకువెళ్లి తెరిస్తే షేడర్ల (కార్డులోని చిన్న గణన భాగాల) సంఖ్య 2304 చూపాలి. 2048 చూపితే ధర మళ్లీ మాట్లాడండి. తెర మీద చుక్కలో గీతలో కనిపిస్తే మాట్లాడకుండా వచ్చేయండి. వాడిన కార్డే కొనాలంటే, బిల్లు ఉండి కంపెనీ వారంటీ ఇంకా మిగిలి ఉన్న ఆర్‌ఎక్స్ 6600 కోసం కొంతకాలం ఆగడం మంచిది; అది 132 వాట్లతోనే దీనికన్నా బాగా ముందుంటుంది.

ప్రశ్న: రాజోలులో నా దగ్గర జీటీఎక్స్ 1060, 6 జీబీ కార్డు ఉంది. నేను ఆడే పాత ఆటలు బాగానే నడుస్తున్నాయి. దీనికి ఇక డ్రైవర్లు రావని విన్నాను. వెంటనే మార్చాలా?

జవాబు: వెంటనే అక్కరలేదు. ఆ తరం కార్డులకు కొత్త ఆటల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆపి, భద్రతా సవరణలు మాత్రం 2028 అక్టోబరు వరకు ఇస్తామని ఎన్‌విడియా ప్రకటించింది. ఇప్పుడు నడుస్తున్న ఆటలు అలాగే నడుస్తాయి. డూమ్: ది డార్క్ ఏజెస్ వంటి, రే ట్రేసింగ్ (వెలుగునీడలను కాంతి కిరణాల లెక్కతో చూపే) సదుపాయం లేనిదే తెరుచుకోని ఆట మీద మనసు పడిన రోజున మార్చండి. ఈలోగా ఫ్యాన్లు శబ్దం చేస్తుంటే థర్మల్ పేస్టు మార్పించండి, అదే చాలు.